అప్‌డేట్: కప్ప గుండెలో నాలుగో గది ఏమైంది?

"కప్ప గుండెకు మూడే గదులు కదా, పిండంలో ముందు నాలుగు ఏర్పడి, తర్వాత ఒకటి మూసుకుపోతుందా?" అని పోయిన నెల అడిగింది నేనే. తిరుపతిలో డిగ్రీ జువాలజీ చదువుతున్నాను. జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. నా ఊహ తప్పు. నాలుగోది అసలు పుట్టనే పుట్టదు.

పిండానికి రెండు పక్కలా ఉన్న మధ్యస్త్వచ (పిండంలోని మూడు కణపొరల్లో నడిమిది) కణాలు కడుపు వైపు జరిగి, నడిమిన కలిసి ఒకే గొట్టమవుతాయి. అది మెలి తిరిగాక, కర్ణిక (రక్తం వచ్చి చేరే గది) లోపల ఒక పొర పెరిగి దాన్ని రెండుగా చీలుస్తుంది. జఠరికలో (రక్తాన్ని బయటికి నెట్టే గదిలో) అలాంటి గోడ లేవదు. కండర పోగులు మాత్రం స్పంజిలా అల్లుకుంటాయి. మంచి రక్తం, చెడు రక్తం పూర్తిగా కలిసిపోకుండా అవీ, రక్తం బయటికి వెళ్లే దారిలోని సర్పిలాకార కవాటమూ కొంత కాపాడతాయి. (పరీక్షలో ఈ కవాటాన్నే మరిచిపోయాను. రెండు మార్కులు పోయాయి.)

వాన వెలిశాక చంద్రగిరి దారిలోని ఒక కుంట నుంచి నాలుగు తోకకప్పలను సీసాలో తెచ్చాను. భూతద్దంతో అడుగు నుంచి చూస్తే మొప్పల దగ్గర ఆవగింజంత ఎరుపు, అదే గుండె; ఒక భాగం ముడుచుకున్న వెంటనే రెండోది. నాన్నమ్మ తొంగిచూసి, "భయంతో వణుకుతోందే పాపం, వదిలెయ్యి" అంది. సాయంత్రానికి వదిలేశాను.