గానుగ నూనె సైటుకు నెలకు 1,900 మంది, ఆర్డర్లు 11: లెక్క ఎట్ల చూడల్ల?

ప్రశ్న: అన్నలూ, అక్కలూ, అనంతపురంలో మాది చెనిక్కాయ నూనె గానుగ. నూనె ఆడించేది నాన్న, సైటూ కొరియరూ నేను చూసుకుంటా. సైటుకు ఎంతమంది వచ్చినారో లెక్క చూపే గూగుల్ అనలిటిక్స్‌లో పోయిన నెల యూజర్లు 1,900 అని ఉంది. వాట్సాప్‌లో వచ్చిన ఆర్డర్లు 11. ఊర్ల జాబితాలో ఆష్‌బర్న్, హైదరాబాద్, బెంగళూరు పైన ఉన్నాయి, అనంతపురం ఎక్కడో అడుగున ఉంది. సగానికి పైగా 'డైరెక్ట్' అంట. "అంతమంది వచ్చి చూసి ఊరికే పోతాండారంటే మన నూనెలో ఏం లోపముంది?" అని నాన్న దిగులు పడుతున్నాడు.

జవాబు: చెల్లీ, నూనె సంగతి తర్వాత, ముందు ఆ 1,900లో తాలు చెరిగేద్దాం. ఆష్‌బర్న్ అమెరికాలో, వర్జీనియాలో ఉంది. డేటా సెంటర్లకు పేరుపడ్డ ఊరు. అక్కడినుంచి వచ్చి ఒక్క సెకను కూడా నిలవనివి దాదాపు అన్నీ బాట్లే, అంటే మనుషులు కాదు, తమంతట తామే సైట్లు తెరిచే ప్రోగ్రాములు. తెలిసిన బాట్లను గూగులే తీసేస్తుంది గానీ కొన్ని జారిపోతాయి. దేశం ఇండియా అని ఫిల్టరు పెట్టి చూడు.

అనంతపురం అడుగున ఉందని బాధపడొద్దు. ఐపీ అడ్రసును, అంటే నెట్ కనెక్షనుకు ఉండే నంబరును బట్టి ఊరిని అంచనా వేస్తారు. మొబైల్ డేటా వాడే మన ఊరోళ్లు చాలాసార్లు హైదరాబాద్, బెంగళూరు లెక్కలో పడతారు. ఏ ఊరికి ఎంత పోతోందో కావాలంటే కొరియర్ రసీదుల మీది పిన్‌కోడ్లు చూసుకో, అవి నిజం చెప్తాయి.

'డైరెక్ట్' అంటే ఎక్కడినుంచి వచ్చారో తెలీలేదని. నువ్వు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టే లింకులు ఎక్కువగా అందులోకే పోతాయి. లింకు చివర యూటీఎం ట్యాగు, అంటే ఎక్కడినుంచి వచ్చారో చెప్పే గుర్తు తగిలించి పెట్టు, వేరుగా కనిపిస్తాయి.

మీ ఇంట్లోవాళ్లు సైటు తెరిచినా లెక్కలోకి వస్తుంది. అంగడి వైఫై ఐపీని అనలిటిక్స్ సెట్టింగుల్లో 'ఇంటర్నల్ ట్రాఫిక్' (సొంతవాళ్ల రాకపోకలు)లో చేర్చు. ఆ ఫిల్టరు మొదట 'టెస్టింగ్'లో ఉంటుంది, 'యాక్టివ్' చేస్తేనే పని చేస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

ఇంకొక జవాబు: పాపా, నేను ధర్మవరం చీరలు అమ్ముతా. యూజర్ల అంకె పక్కన పెట్టి 'ఈవెంట్స్' తెరువు, వచ్చినోళ్లు పేజీలో ఏం చేసినారో అందులో ఉంటుంది. 'స్క్రోల్' అని ఉంటుంది, పేజీ 90 శాతం కిందికి జరిపినప్పుడే అది పడుతుంది. 'క్లిక్' అంటే బయటి లింకు నొక్కినట్టు, మీ వాట్సాప్ బటను అందులోకే వస్తుంది. ఇండియా వరకు ఆ రెండూ ఎంతమందో చెప్పు.

ప్రశ్న అడిగినవారు: అక్కా, ఇండియా యూజర్లు 640. స్క్రోల్ 70 మంది. క్లిక్ 38. సైటులో వాట్సాప్ తప్ప వేరే బయటి లింకు లేదు.

చీరల అక్క జవాబు: మీ పేజీ నా ఫోన్లో తెరిచి చూసినా. మొదట గానుగ ఫొటోలు ఆరు, ఆ తర్వాత మీ తాత కాలం నాటి కథ, దాని కింద నూనె గుణాలు. 5 లీటర్ల క్యాను రేటు అన్నిటికంటే అడుగున, బటను దాని కింద. 640 మందిలో అడుగుదాకా జరపని 570 మంది రేటు చూడకుండానే పోయినారు. నూనె వద్దనుకుని పోలేదు పాపా, రేటు దాకా రానే లేదు. బటను నొక్కిన 38 మందిలో 11 మంది కొన్నారంటే అది మంచి బేరం. నాన్నకు ఈ మాట ముందు చెప్పు. మిగతా 27 మందిలో మెసేజ్ పెట్టినోళ్లు చివరగా ఏమడిగినారో వాట్సాప్‌లో చదువు.

ప్రశ్న అడిగినవారు: చదివినా అక్కా. పందొమ్మిది మంది "కొరియర్ ఎంత?" అనే అడిగినారు. నేను ప్యాకింగులో ఉండి సాయంత్రం జవాబిచ్చినా, మళ్లీ ఎవ్వరూ పలకలేదు. ఈ రాత్రే మొదటి ఫొటో కిందనే రేటూ, బెంగళూరుకూ హైదరాబాద్‌కూ కొరియర్ ఖర్చూ, బటనూ పెడుతున్నా. తాత కథ తీసేయను, కిందికి జరుపుతా.

చీరల అక్క జవాబు: తీయొద్దు, కొనేవాళ్లు అదీ చదువుతారు. మార్చిన తేదీ రాసిపెట్టుకో. నాలుగు వారాలయ్యాక ఇవే మూడు అంకెలు, ఇండియా యూజర్లు, స్క్రోల్, క్లిక్, ఇక్కడ పెట్టు.