జర్మనీకి కొత్తగా వచ్చేవాళ్లు మనవాళ్లతోనే ఉండాలా?

గోదారిగట్టు:
మా చెల్లి అక్టోబరులో మాస్టర్స్‌కి లైప్జిగ్ వెళ్తోంది. ఇద్దరు తెలుగమ్మాయిలున్న ఫ్లాట్‌లో గది దొరికింది. మా బావగారేమో జర్మన్లతో ఉండమంటున్నారు, లేకపోతే భాష రాదట. ఏది మంచిది?

ఎల్బేతీరం:
బావగారి మాటే వినండి. కల్చర్ షాక్ గురించి మానవశాస్త్రవేత్త కలెర్వో ఒబెర్గ్ 1954లోనే రియో డి జనీరోలో చెప్పాడు. మొదట్లో అంతా ముచ్చటగా ఉంటుంది, తర్వాత ప్రతిదీ చిరాకు పుట్టిస్తుంది. అప్పుడు మనిషి తన దేశంవాళ్ల మధ్య చేరి, ఉంటున్న దేశాన్ని తిడతాడు. మన ఫ్లాట్లలో జరిగేది అదే. ఆదివారం షాపులుండవని తిడతారు, ఆదివారమే మిక్సీ వేస్తారు. పక్కింటావిడ తలుపు కొడితే రేసిస్టు అంటారు.

ఓరుగల్లు బిడ్డ:
రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా చప్పుడు చేయొద్దంటే సరే. పట్టపగలు పచ్చడి చేసుకుంటే ఎవరికేం నష్టం?

ఎల్బేతీరం:
ఆదివారం విశ్రాంతి దినమని 1919 వైమార్ రాజ్యాంగంలో రాసుకున్నారు, ఆ వాక్యం ఇప్పటి రాజ్యాంగంలోనూ ఉంది. ఖాళీ సీసాలు కూడా ఆ రోజు వీధిలో ఉండే సీసాల డబ్బాలో వేయనివ్వరు. అద్దె ఒప్పందంతో పాటు ఇచ్చే నియమాల కాగితం మనవాళ్లెవరూ చదవరు.

మైన్ ఒడ్డు:
మిక్సీ సంగతి వదిలేయండి. ఆ అమ్మాయి సంగతి చూడండి.

ఓరుగల్లు బిడ్డ:
ఆ అమ్మాయి కోసమే చెప్తున్నా. మొదటి చలికాలం నేను జర్మన్ స్టూడెంట్లతోనే ఉన్నా. మంచివాళ్లే. ఫ్రిజ్‌లో ఎవరి అర వాళ్లది, ఎవరి పాలు వాళ్లవి. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి. జ్వరమొచ్చి గదిలోనే పడుకుంటే ఎవరూ తలుపు కొట్టలేదు. మూసిన తలుపు కొట్టకపోవడం అక్కడి మర్యాద. మన ఇళ్లలో ఒక పూట కనపడకపోతే తిన్నవా అని అడుగుతరు. చివరికి మొహం కూడా తెలియని ఓ తెలుగక్క చారన్నం డబ్బా తెచ్చిచ్చింది. పుస్తకం చదివి చెప్పేవాళ్లకు ఇదేం తెలుస్తది?

ఎల్బేతీరం:
పుస్తకం చదివి చెప్పడం లేదు. మీకు అక్క దొరికింది. నేను వచ్చిన కొత్తలో తెలుగువాళ్ల ఫ్లాట్‌కి వెళ్తే, గది చూపించకముందే ఇంటిపేరు అడిగారు. తర్వాత ఊళ్లో ఇల్లు ఏ వైపని అడిగారు. చెప్పాక, గది ఎవరికో ఇచ్చేశామన్నారు. ఆ గది ఖాళీ అన్న ప్రకటన ఆ తర్వాత కూడా వాట్సాప్ గ్రూపులో వస్తూనే ఉంది. నాకు గది ఇచ్చింది ఓ జర్మన్ పెద్దావిడ. పాస్‌పోర్టు, బ్యాంకు కాగితం చూసి తాళం చేతిలో పెట్టింది. మనవాళ్లతో ఉండమంటున్నారు కదా, మీ ఫ్లాట్‌లో ఎవరిని రానిస్తారో అది చెప్పండి ముందు.

ఓరుగల్లు బిడ్డ:
అడిగినవాళ్లది ముమ్మాటికీ తప్పు. మా ఫ్లాట్‌లో ఎవర్నీ అలా అడగలేదు. అయినా ఆ ఇద్దరమ్మాయిలూ అలాంటివాళ్లేనని ఎట్లంటరు?

ఎల్బేతీరం:
కాదని మీరెలా అంటారు?

గోదారిగట్టు:
ఇదంతా చదివి చెల్లిని అడిగాను. మొదటి ఫోన్‌లోనే "మీరేమిట్లు?" అని అడిగారట. ఇన్నాళ్లూ నాకు చెప్పలేదు. ఇప్పుడు ఆ ఫ్లాట్ వద్దంటోంది. అలాగని ఒక్కత్తినీ పంపాలంటే అమ్మకి భయం. వేరే దారి ఉందా?

ఓరుగల్లు బిడ్డ:
స్టూడెంటెన్‌వెర్క్ అని స్టూడెంట్ల వసతి చూసే సంస్థ ఉంటది, దాని హాస్టల్‌కి ఇవాళే అప్లై చేయించండి, వెయిటింగ్ లిస్టు పెద్దగా ఉంటది. అన్ని దేశాల పిల్లలూ ఉంటరు. లైప్జిగ్‌లో మా ఫ్రెండ్ ఒకామె ఉంది, దిగిన రోజు స్టేషన్‌కు రమ్మంట. చెల్లి ఇంటిపేరు నాకు చెప్పకండి.