మట్టిదిబ్బ మీది కొయ్య బురుజు: గుంజలు ఎక్కణ్నుంచి లేపాలి?

11వ శతాబ్దపు నార్మన్ల ‘మాట్ అండ్ బెయిలీ’ కోటకు (మట్టిదిబ్బ ‘మాట్’ మీద బురుజు, దాని పక్కన కంచె, కందకం ఉన్న ఆవరణ ‘బెయిలీ’) 1:50 నమూనా కోసం లెక్కలు వేస్తున్నాం. రెండు చోట్ల ఆగిపోయాం, తెలిసినవారు దయచేసి చెప్పండి.

దిబ్బ ఎత్తు 6 మీటర్లు, పైన వ్యాసం 12, వాలు 35 డిగ్రీలు. అంటే అడుగున వ్యాసం సుమారు 29 మీటర్లు, మట్టి దాదాపు 2,100 ఘనపు మీటర్లు. చుట్టూ 7 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల లోతున్న V ఆకారపు కందకం తవ్వితే వచ్చేది వెయ్యి లోపే. 10 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల లోతు చేస్తే 2,400 దాటుతుంది. అంత లోతులో నీరు ఊరే నేలల్లో మిగతా మట్టి బెయిలీ కందకం నుంచే మోసేవారా?

అసలు చిక్కు బురుజుది. ఇంగ్లండ్‌లోని సర్రేలో అబింజర్ కోట దగ్గర 1949 తవ్వకాల్లో గుంజల గుంటలు దిబ్బ నెత్తిన దొరికాయి. బురుజు సుమారు 3.6 మీటర్ల చదరం. ఇంగ్లండ్‌లోనే సౌత్ మిమ్స్ కోటలో మాత్రం బురుజును నేల మీదే చెకుముకిరాతి పునాదిపై లేపి, చుట్టూ మట్టి పోశారు. కొత్త మట్టి కుంగుతుంది, అదీ అన్నివైపులా సమానంగా కాదు. నెత్తిన పాతిన గుంజ ఒక్కటి దిగినా చట్రమంతా మెలిపడుతుంది. నేల నుంచి లేపితే ఆ బాధ లేదు గానీ, తడిమట్టిలో కూరుకున్న కర్రను మార్చడం కష్టం.

1066 నార్మన్ దండయాత్రను కుట్టుపనిలో చూపే బేయూ వస్త్రంలో హేస్టింగ్స్ కోట దిబ్బను అడ్డచారలతో చూపారు. అవి దిమ్మిస కొట్టిన పొరలే అనుకుంటే, సుద్ద, బంకమట్టి మార్చి మార్చి వేసేటప్పుడు ఒక్కో పొర మందం ఎంత పెట్టాలి? నెత్తిన గుంజ పాతే ముందు దిబ్బను ఎన్ని వానాకాలాలు వదలాలి?