చలికాలం ఫోర్‌కాస్ట్‌ను ఎంతవరకు నమ్మొచ్చు? మబ్బుల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

వేకువ_నడక: యాప్‌లో సూర్యుడి బొమ్మ, బయట బూడిదరంగు మబ్బు. సాయంత్రం దాకా కదలదు. పోనీ వాన పడుతుందా అంటే అదీ లేదు. వేసవిలో ఇంత తేడా రాదు కదా, చలికాలంలోనే ఎందుకిలా? మీకూ ఇంతేనా?

ఉత్తరగాలి: ఇంతే. అందుకే నేను ఆ బొమ్మ చూడను. గంటగంటకీ ఇచ్చే వివరాల్లో డ్యూ పాయింట్ (గాలి ఎంత చల్లబడితే అందులోని ఆవిరి నీటిబొట్లు కడుతుందో ఆ ఉష్ణోగ్రత) ఉంటుంది, అది చూస్తాను. ఉష్ణోగ్రత దాని దగ్గరికి వచ్చేస్తోందంటే బొమ్మలో ఎండ ఉన్నా స్వెటర్ తీయను.

మబ్బులపిచ్చి: ఉత్తరగాలి గారు అసలు కీలకం పట్టుకున్నారు. పైకి లేచిన గాలి వ్యాకోచించి చల్లబడుతుంది, కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీలు. డ్యూ పాయింట్‌కు చేరిన చోట ఆవిరి నీటిబొట్లుగా మారుతుంది, అదే మబ్బు అడుగు. ఎంత ఎత్తులో అన్నదానికి ఓ మోటు లెక్క ఉంది: ఉష్ణోగ్రతకూ డ్యూ పాయింట్‌కూ మధ్య ఉన్న ఒక్కో డిగ్రీకి 125 మీటర్లు. వేసవి మధ్యాహ్నం 35, 19 ఉంటే మబ్బు 2 కిలోమీటర్ల పైన. చలికాలం ఉదయం 12, 10 ఉంటే 250 మీటర్లే, నెత్తిమీదే!

ఇక అది కదలకపోవడం సంగతి. పొడుగు రాత్రుల్లో నేల బాగా చల్లబడి, కింద చల్లగాలి, దానిపైన వెచ్చటి గాలి చేరతాయి. దీన్నే ఇన్వర్షన్ అంటారు. కింది తేమ పైకి పోయే దారి మూసుకుపోతుంది. మబ్బు మందం కొన్ని వందల మీటర్లే, కానీ చలికాలపు ఏటవాలు ఎండకు అదే ఎక్కువ. కంప్యూటర్ మోడళ్లు గాలిని పొరలు పొరలుగా కోసి లెక్క కడతాయి. ఇన్వర్షన్ అంచు రెండు పొరల మధ్య పడితే మోడల్‌లో మబ్బు కాస్త పలచబడి, పది గంటలకల్లా విడిపోతుంది. బయట విడిపోదు. అంత చిన్న తేడాతో రోజంతా తప్పవుతుంది.

వేకువ_నడక: మరి వాన ఎందుకు పడదండీ?

మబ్బులపిచ్చి: మబ్బులోని బొట్టు వ్యాసం సుమారు 0.02 మిల్లీమీటర్లు, వానచినుకు 2 మిల్లీమీటర్లు. ఒక్క చినుకు కావాలంటే పది లక్షల బొట్లు కలవాలి. పలచటి మబ్బులో అంత వీలుండదు. మహా అయితే తుంపర.

నైట్_స్టీరింగ్: రాత్రిళ్లు బండి నడిపేవాణ్ణి కాబట్టి నాకు పొగమంచుతోనే పని. పగలు వాన పడి, రాత్రి ఆకాశం శుభ్రంగా ఉండి, గాలి ఆగిపోయిందంటే తెల్లవారేసరికి మంచు ఖాయం అనుకుంటాను. గాలి లేస్తే అదే మంచు పైకి లేచి కింది మబ్బు అవుతుంది, రోడ్డు కనిపిస్తుంది. ఫోర్‌కాస్ట్‌లో ‘మంచుకు అవకాశం’ అని ఉంటే పల్లపు రోడ్లకూ చెరువు గట్లకూ అది ఖాయమనే లెక్క. ఇంకోటి, చూపు కిలోమీటరు లోపు ఉంటే చాలు లెక్క ప్రకారం పొగమంచే. మాకు టెన్షన్ మొదలయ్యేది 200 మీటర్ల దగ్గర. సూర్యుడు రాగానే పోతుందనుకోకండి, పొద్దెక్కిన మొదటి అరగంటలో ఒక్కోసారి ఇంకా చిక్కబడుతుంది.

సందేహాల_పుట్ట: చలిలో నోట్లోంచి వచ్చే ఆవిరి కూడా మబ్బేనా?

మబ్బులపిచ్చి: మబ్బే, కానీ పుట్టుక వేరు. అక్కడ గాలి పైకి లేవలేదు, వెచ్చటి తడిగాలి చల్లగాలితో కలిసింది. విమానాల వెనక తెల్లచారలూ అంతే. ఎలా పుట్టినా బొట్టు కట్టడానికి ధూళో ఉప్పో పొగో ఏదో ఒక రేణువు ఉండాలి. పూర్తిగా శుభ్రమైన గాలిలో తేమ 100 శాతం దాటినా మబ్బు అంత తేలిగ్గా కట్టదు.

తెల్లకొండ: మంచు కురిసే చోట ఉన్నవాళ్ల బాధ వేరు. ఒక్క డిగ్రీ అటూ ఇటూ అయితే మంచు కాస్తా వాన. ఇంకా చెడ్డది, పైన ఓ వెచ్చటి పొర మంచును కరిగించి, కింద నేల సున్నా లోపు ఉంటే ఆ చినుకులు రోడ్డును తాకగానే గడ్డకడతాయి. నీరు సున్నా దగ్గర గడ్డకట్టి తీరాలనేం లేదు, మబ్బుల్లో సున్నాకు చాలా దిగువన కూడా ద్రవంగా ఉండగలదు. సెంటీమీటరు నీటికి పది సెంటీమీటర్ల మంచు అనే లెక్క కూడా ఉజ్జాయింపే. తడి మంచైతే అందులో సగం, పొడి మంచైతే రెట్టింపు. ‘5 నుంచి 15’ అని చెబితే వాళ్లను తిట్టకండి.

లెక్కల_మాస్టారు: తిట్టకపోవడమే కాదు, ఆ రేంజ్‌నే చూడండి. మొదట్లో చిన్న తేడా ఉన్నా తర్వాతి వాతావరణం పూర్తిగా మారిపోవచ్చని వాతావరణ శాస్త్రవేత్త లోరెంజ్ 1963లో చూపించాడు. అందుకే 1992 నుంచి పెద్ద వాతావరణ కేంద్రాలు ఒకే లెక్కను కొద్దికొద్ది తేడాలతో చాలాసార్లు నడుపుతున్నాయి. రాత్రి కనిష్ఠం ‘6 నుంచి 12’ అని ఉంటే మబ్బు ఉంటుందో లేదో ఇంకా తేలలేదేమో అనుకుంటాను. మబ్బుంటే నేల వదిలిన వేడిలో చాలా భాగం వెనక్కి వస్తుంది, లేకపోతే నేరుగా పైకి పోతుంది. నా అభిప్రాయంలో యాప్‌లు చేసే పెద్ద అన్యాయం ఆ రేంజ్‌ను దాచి ‘9’ అని చూపించడమే.

వేకువ_నడక: సరే, పొద్దున మబ్బు విడిపోతుందా లేదా అన్నది అప్పటికప్పుడు తెలుసుకునే మార్గం ఉందా?

ఉత్తరగాలి: శాటిలైట్ లూప్ (ఉపగ్రహం తీసిన మబ్బుల ఫొటోలను వరసగా కదిలించి చూపే వీడియో) చూడండి. ఇలాంటి మబ్బు చాలావరకు అంచుల నుంచి లోపలికి కరుగుతుంది. అంచు మీ వైపు జరుగుతుంటే ఆశ పెట్టుకోండి. నట్టనడుమ ఉంటే బట్టలు ఇంట్లోనే ఆరేసుకోండి.

నైట్_స్టీరింగ్: రేపు మా దగ్గర 14, డ్యూ పాయింట్ 13, గాలి లేదు. ఫాగ్ లైట్లు చూసుకోవాలి, ఉంటాను.