సెయిల్ బోటు కాక్‌పిట్ నేల మెత్తబడింది, పైనుంచి కోయాలా కింద నుంచా?

నమస్తే అండీ. మేముండేది హ్యూస్టన్. నిరుడు గాల్వెస్టన్ బే ఒడ్డున 1979 నాటి 22 అడుగుల ఫైబర్‌గ్లాస్ సెయిల్ బోటు ఒకటి కొన్నాను. చవగ్గా దొరికిందని మురిసిపోయా. ఎందుకంత చవకో ఇప్పుడు తెలిసొస్తోంది.

కాక్‌పిట్‌లో (కూర్చుని పడవ నడిపే చోటు) టిల్లర్ (చుక్కాని తిప్పే కర్ర) దగ్గర నిలబడితే నేల కాలి కింద దిగుతోంది, నానిన అట్టపెట్టె మీద నిలబడ్డట్టు. స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ పోతే మంచిచోట టక్‌టక్, పాడైనచోట దబ్‌దబ్. చాక్‌పీసుతో గీసి చూస్తే రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు తేలింది. మూత కీలు స్క్రూ ఒకటి విప్పగానే డికాక్షన్ లాంటి నీళ్లు ఊరాయి. ఆ స్క్రూలకి ఎవరూ సీలెంట్ పెట్టలేదు. రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ కుళ్లిపోయినట్టే.

చిల్లులు పెట్టి ఎపాక్సీ (రెసిన్, హార్డెనర్ కలిపితే గట్టిపడే జిగురు) ఎక్కించెయ్ అని మెరీనాలో ఒకాయన సలహా. తడి చెక్కకి అది సరిగా పట్టదు కదా, నాకు నమ్మకం లేదు. కింద నుంచి చేస్తే పైన గరుకు పూత చెడదు గానీ, ఆ ఇరుకులో వెల్లకిలా పడుకుని రెసిన్ మొహాన పోసుకోవాలి. అందుకే పైపొర కోసి, కుళ్లింది గీకేసి, మెరైన్ ప్లైవుడ్ వేద్దామనుకుంటున్నా.

కోసిన పైపొరనే మళ్లీ అతికించొచ్చా, కొత్తగా ఫైబర్‌గ్లాస్ గుడ్డ పొరలు వేయాలా? అతుకు దగ్గర పొర మందానికి 12 రెట్ల వెడల్పున ఏటవాలుగా గ్రైండ్ చేయమంటారు, కాక్‌పిట్ అంచుల్లో అంత చోటు లేదు, అక్కడేం చేస్తారు? ఇక్కడి ఎండకి ఎపాక్సీ కప్పులోనే పొగలు కక్కుతోంది, స్లో హార్డెనర్ సరిపోతుందా, అక్టోబరు దాకా ఆగనా?

కాకినాడ, విశాఖ వైపు ఫైబర్ పడవల పని చేసినవాళ్లుంటే ఇంకో మాట: పాత ఫైబర్ మీద ఎపాక్సీకి బదులు పాలిస్టర్ రెసిన్ వాడితే నిలుస్తుందా?