సెప్టెంబర్‌లో యూకేకి, ఈఈఈ చదవడానికి: ఈ రెండు నెలలు హైదరాబాద్‌లో ఏం చేయాలి?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి, కొత్త మెంబర్

అందరికీ నమస్తే. ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. ఇంగ్లండ్‌లో ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్ ఇంజినీరింగ్ డిగ్రీకి ఆఫర్ వచ్చింది, మూడేళ్ల కోర్సు. బయల్దేరడానికి ఇంకా రెండు నెలలుంది. అక్కడి మ్యాథ్స్ కోసం ఇప్పుడే కోచింగ్‌లో చేరమని ఇంట్లో అంటున్నారు. చేరాలా? ఫస్టియర్‌లో తడబడకుండా ఉండాలంటే ఏం చదువుకోవాలో సీనియర్లు చెప్పండి. ఏమేం తెచ్చుకోవాలో కూడా అడగమన్నారు నాన్న.

మల్కాజిగిరి అమ్మాయి, ఇప్పుడు లీడ్స్‌లో

తమ్ముడూ, ముందుగా కంగ్రాట్స్. కోచింగ్‌కి డబ్బులు పోయొద్దు. కాంప్లెక్స్ నంబర్లు, మ్యాట్రిసెస్, ఇంటిగ్రేషన్, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు ఇంటర్‌లో నువ్వు చేసినవే. ఫస్టియర్‌లో చాలావరకు అవే మళ్లీ వస్తాయి. కరెంటుని ‘ఐ’ అంటాం కాబట్టి ఇంజినీర్లు ఇమాజినరీ నంబర్‌కి ‘జె’ రాస్తారు, మొదటి వారం చేయి తిరిగేదాకా కొంచెం చిరాకు పెడుతుంది, అంతే. కిర్కాఫ్ లాస్ బాగా వచ్చుంటే పెద్ద సర్క్యూట్‌ని చిన్నది చేసి చూపే థెవినిన్, నార్టన్ సిద్ధాంతాలు కూడా త్వరగానే పట్టుబడతాయి.

మనవాళ్లు నిజంగా వెనకబడేది ల్యాబ్‌లో. మన ఇంటర్ ప్రాక్టికల్స్ ఎలా ఉంటాయో నీకు తెలుసు. సర్క్యూట్ సర్ కట్టి పెడతారు, రావాల్సిన రీడింగ్ ముందే తెలుసు, రికార్డు పక్కవాడిది చూసి దించేస్తాం. అక్కడ ఒక షీటూ ఒక ట్రే పార్టులూ ఇచ్చి కట్టమంటారు. పని చేయకపోతే ఎందుకు చేయలేదో నువ్వే వెతకాలి. ఆ వెతకడం పుస్తకంలో చదివితే వచ్చేది కాదు. కాబట్టి ఈ రెండు నెలలూ దానికే పెట్టు.

కోఠి వెళ్లు, గుజరాతీ గల్లీకి. లిస్టు రాసుకుని పో: ఒక బ్రెడ్‌బోర్డు (సోల్డరింగ్ లేకుండా పార్టులు గుచ్చి సర్క్యూట్ కట్టే బోర్డు), జంపర్ వైర్లు, రకరకాల రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఎల్ఈడీలు, రెండు 555 టైమర్ చిప్‌లు, రెండు ఆప్-యాంప్‌లు, అంటే సిగ్నల్ పెంచే చిప్‌లు (741 గానీ 358 గానీ), 9 వోల్టుల బ్యాటరీలు, ఒక చవక డిజిటల్ మల్టీమీటర్. కౌంటర్ దగ్గర నిలబడి పార్టు నంబర్ చెప్పి అడగడం కూడా ఒక అలవాటే, సిగ్గుపడకు. బ్రెడ్‌బోర్డు కొన్నాక పైనా కిందా ఉండే పవర్ లైన్లు చూసుకో. కొన్నింటిలో ఆ లైను మధ్యలో తెగి ఉంటుంది. అది గమనించక సగం సర్క్యూట్‌కి కరెంటు అందట్లేదని గంటలు కొట్టుకునే పిల్లల్ని ప్రతి ఏడాదీ చూస్తున్నాను.

ఇంటికొచ్చి ముందు ఈ ప్రయోగం చెయ్యి. రెండు 1 మెగా ఓమ్ రెసిస్టర్లు సిరీస్‌లో పెట్టి 9 వోల్టుల బ్యాటరీకి కలుపు. మధ్య పాయింట్ దగ్గర 4.5 వోల్టులు రావాలని లెక్క. ఆ చవక మీటర్ పెట్టి కొలువు, 3 వోల్టుల దగ్గర చూపిస్తుంది. మీటర్ పాడైపోలేదు. ఆ రకం మీటర్ల లోపలి రెసిస్టెన్స్ కూడా సుమారు 1 మెగా ఓమే, కింది రెసిస్టర్‌కి అది పారలల్‌గా చేరి దాన్ని సగం చేసేసింది. ఖరీదైన మీటర్లకి 10 మెగా ఓమ్‌లు ఉంటుంది, దాంతో కొలిస్తే 4.3 దాకా వస్తుంది. ఇప్పుడు రెసిస్టర్లు తీసి 1 కిలో ఓమ్‌వి పెట్టు, ఏ మీటర్ అయినా 4.5 చూపిస్తుంది. కొలిచే పరికరం కూడా సర్క్యూట్‌లో భాగమే అని చేత్తో తెలిశాక ఆసిలోస్కోప్ (వోల్టేజీ మార్పుని తెర మీద గీతగా చూపే పరికరం) దగ్గర నీకు భయం ఉండదు. స్కోప్ ప్రోబ్‌కి ఉండే మొసలి క్లిప్పు గురించి కూడా ఇప్పుడే విను: అది లోపల మెయిన్స్ ఎర్త్‌కి కలిసి ఉంటుంది. సర్క్యూట్‌లో నీకు నచ్చిన చోట తగిలిస్తే ఆ పాయింట్‌ని ఎర్త్‌కి షార్ట్ చేసినట్టే. ఎప్పుడూ సర్క్యూట్ గ్రౌండ్ (సున్నా వోల్టుల పాయింట్) దగ్గరే పెట్టు.

సాఫ్ట్‌వేర్ సంగతికొస్తే, సర్క్యూట్‌ని కంప్యూటర్‌లో నడిపి చూపే ఎల్‌టీస్పైస్ ఉచితం, దించుకుని పై సర్క్యూట్లనే అందులోనూ గీసి చూడు. సీ లాంగ్వేజ్‌లో లూపులు, ఫంక్షన్లు వస్తే మొదటి సెమిస్టర్‌కి చాలు. లెక్కలకి వాడే మ్యాట్‌ల్యాబ్ లైసెన్స్ సాధారణంగా యూనివర్సిటీయే ఇస్తుంది, కొనకు.

మార్కుల గురించి అమ్మానాన్నలకి ఇప్పుడే చెప్పి పెట్టు. ఇంటర్‌లో 970 తెచ్చుకున్న పిల్లాడికి అక్కడ 64 వస్తే ఇంట్లో కంగారు పడతారు. అక్కడ పాస్‌కి 40, ఫస్ట్ క్లాస్‌కి 70. అరవై దాటితే ‘టూ-వన్’ అంటారు, ఉద్యోగాలకి చాలామంది అడిగేది అదే. 64 అంటే బాగానే చదువుతున్నట్టు.

ఇంకొకటి గట్టిగా చెప్తున్నా. ల్యాబ్ రిపోర్టు ఎవరిదీ తీసుకోకు, నీది ఎవరికీ ఇవ్వకు. రికార్డు ఇచ్చిపుచ్చుకోవడం మన దగ్గర స్నేహం. అక్కడ అదే పని మిస్‌కండక్ట్, ఇచ్చినవాడూ తీసుకున్నవాడూ ఇద్దరూ విచారణకి వెళ్లాలి. ఇద్దరూ కలిసి కొలవండి, ఎవరి రిపోర్టు వాళ్లే రాయండి.

పవర్ సిస్టమ్స్‌లో పనిచేసే అన్న, బర్మింగ్‌హామ్

చెల్లెలు చెప్పిందంతా కరెక్టు. నేను వైర్ల గురించి చెప్తా, ఇది ప్రాణానికి సంబంధించింది. మన ఇళ్లలో నలుపు వైరు అంటే న్యూట్రల్. త్రీ ఫేజ్‌లో ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజులు. ఇక్కడ ఇప్పుడు ఫేజులు బ్రౌన్, నలుపు, గ్రే, న్యూట్రల్ నీలం. అంటే నువ్వు ఏమీ లేదనుకునే నలుపులో ఇక్కడ ఫేజ్ ఉండొచ్చు, ఫేజ్ అనుకునే నీలం న్యూట్రల్ కావచ్చు. ఇక్కడ కూడా 2004కి ముందు పాత రంగులే, పాత బిల్డింగుల్లో అవి అలాగే ఉన్నాయి. మోటార్లు, జనరేటర్లు ఉండే మెషీన్స్ ల్యాబ్‌లో రంగు చూసి నమ్మకు, టెస్టర్ పెట్టి చూశాకే ముట్టుకో.

ఇంకో మాట. హైదరాబాద్‌లో ఎవరిని అడిగినా చిప్ డిజైన్‌లోకి వెళ్లమంటారు, ఊరి నిండా ఆ కంపెనీలే కాబట్టి. మంచి దారే. కానీ సెకండియర్ దాకా నిర్ణయించుకోకు, పవర్ సబ్జెక్టుని తక్కువ చేయకు. ఇక్కడ చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం 2024 సెప్టెంబర్ 30న మూసేశారు. గాలి మీద, సోలార్ మీద గ్రిడ్ నడపడం ఎలాగో తెలిసినవాళ్లు కావాలి. రెండు బ్లాకౌట్ల గురించి చదివి రా. 2019 ఆగస్టు 9న ఇక్కడ పిడుగు పడ్డాక ఒక ఆఫ్‌షోర్ విండ్ ఫామ్, ఒక గ్యాస్ ప్లాంటు దాదాపు ఒకేసారి తప్పుకున్నాయి. ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి 48.8కి పడింది, పది లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. రెండోది 2012 జూలై 30, 31 తేదీల్లో మన ఉత్తర భారతంలో జరిగింది. ఆ రెండు రోజులూ హైదరాబాద్‌లో లైట్లు ఎందుకు వెలిగాయో నువ్వే వెతికి చూడు. క్లూ ఇస్తా: దక్షిణాది గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో సింక్రనైజ్ కాలేదు, అంటే ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసి నడవడం లేదు, 2013 డిసెంబర్ 31న అయ్యింది. ఈ ఒక్క ప్రశ్న పట్టుకుంటే ఏసీ, డీసీ లింకులు, ఫ్రీక్వెన్సీ, ఇనర్షియా (తిరిగే జనరేటర్ల జడత్వం) అన్నీ నీ దగ్గరికే వస్తాయి.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి

అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. రేపే కోఠి వెళ్తున్నా. ఉద్యోగం సంగతి కూడా చెప్పండి. అక్కడ చదువుతూ డెలివరీ చేసుకోవచ్చని మా ఫ్రెండ్ అన్నాడు. సోల్డరింగ్ ఐరన్, రైస్ కుక్కర్ తేవచ్చా?

మల్కాజిగిరి అమ్మాయి

డెలివరీ యాప్‌లు వద్దే వద్దు. స్టూడెంట్ వీసా మీద సొంత పని, అంటే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్, కుదరదు. ఆ యాప్‌ల పని ఆ కిందికే వస్తుంది. జీతమిచ్చే ఉద్యోగమైతే క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు దాటకూడదు.

దానికంటే, కోర్సులో ఇండస్ట్రీ ఇయర్ (కంపెనీలో పనిచేసే ఏడాది) ఉందేమో యూనివర్సిటీని ఇప్పుడే అడుగు. ఉంటే మొదటే అందులో చేరు, వచ్చాక మారాలంటే వీసా కాగితాల తలనొప్పి. ఆ ప్లేస్‌మెంట్లకి సెకండియర్ మొదట్లోనే అప్లై చేయాలి. అప్పటికి చేతిలో ఉండేవి ఫస్టియర్ మార్కులే. చాలాచోట్ల ఫస్టియర్ మార్కులు డిగ్రీ క్లాస్‌లో కలవవు కదా అని కొందరు వదిలేస్తారు, ఆ పని మాత్రం చేయకు. డిగ్రీ తర్వాత ఉండే గ్రాడ్యుయేట్ వీసా కూడా 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకి 18 నెలలే, అందుకే ఆ ఏడాది అనుభవం నీకు చాలా అవసరం.

రైస్ కుక్కర్ పని చేస్తుంది, యూకేలోనూ 230 వోల్టులు, 50 హెర్ట్జే. ప్లగ్ మాత్రం వేరు, దాని లోపల ఫ్యూజ్ ఉంటుంది, కుక్కర్‌కి సరిపోయేది వేయించు. హాస్టల్‌లో రూములో వంట ఒప్పుకోరు, కిచెన్‌లోనే పెట్టుకోవాలి. మన ఎక్స్‌టెన్షన్ బాక్సు మాత్రం తేకు. సోల్డరింగ్ ఐరన్ ల్యాబ్‌లో ఉంటుంది, దాన్ని ఇంట్లో వదిలేసి ఆ బరువుకి మల్టీమీటర్, బ్రెడ్‌బోర్డు పెట్టుకో.