ఉషశ్రీ గారి రేడియో ప్రసంగాలు: పాత కేసెట్లు, బోర్డు మీది వివరాలు

కాకరపర్రు రేవు:
ఉషశ్రీ గారి శతజయంతి 2028 మార్చి 16కి. ఆయన పుట్టిన మా కాకరపర్రులోనే రామాయణ, భారత, భాగవతాలూ ధర్మసందేహాలూ వినిపించాలని సంకల్పం. ఆదివారం మధ్యాహ్నం రేడియోలోంచి పట్టిన కేసెట్లు ఎవరి అటక మీదైనా ఉన్నాయా? కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కించాలి? బోర్డు మీద రాయడానికి వివరాలు కూడా కావాలండి.

గోస్తనీ గట్టు:
అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు. పోయింది 1990 సెప్టెంబరు 7న. పనిచేసింది ముందు హైదరాబాద్ రేడియో కేంద్రం, తర్వాత విజయవాడ. జిల్లా పశ్చిమ గోదావరి అని రాయండి.

నిడదవోలు జంక్షన్:
2022 ఏప్రిల్ నుంచి కాకరపర్రు ఉన్న పెరవలి మండలం తూర్పు గోదావరండి. బోర్డు ఇప్పుడు కదా పెట్టేది.

గోస్తనీ గట్టు:
పడమటి గట్టు ఊరిని తూర్పు అని బోర్డు కడతారా? పుట్టిననాటి జిల్లానే రాస్తారు ఎక్కడైనా.

కేసెట్ వైద్యుడు:
జిల్లాలు తర్వాత. డెల్టా తేమకి అటక మీది టేపుకి తెల్ల బూజు పట్టే ఉంటుంది. అలాగే పెట్టి ఫాస్ట్ ఫార్వర్డ్ నొక్కితే, చుట్లు అతుక్కున్న చోట పుటుక్కున తెగుతుంది. సీ-90 అయితే మరీను, సీ-60 కంటే పల్చటి రీలు. ఐదు స్క్రూల డబ్బా అయితే విప్పి రీలుని కొత్త డబ్బాలోకి మార్చండి. టేపుని హెడ్డుకి ఒత్తే చిన్న మెత్త ఊడిందేమో చూడండి. హెడ్డుని ప్రతి టేపుకీ ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. అసలు పని ఆ తర్వాత: హెడ్డు పక్కన స్ప్రింగు ఉన్న స్క్రూ, అజిమత్, అంటే టేపు మీద హెడ్డు వంపు సరిచేసేది. వింటూ కొద్ది కొద్దిగా తిప్పి, మాట పదునెక్కిన చోట ఆపాలి.

మీడియం వేవ్ 837:
ఆ స్క్రూ ముట్టుకోమని మాత్రం చెప్పకండి దయచేసి. మంచి డెక్కు పాడవుతుంది. విజయవాడ 837 మీడియం వేవ్, స్టేషనుకీ స్టేషనుకీ ఎడం 9 కిలోహెర్ట్జ్. అందుకని మాట నాలుగున్నర కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. అంతమాత్రానికి అజిమత్ ఎందుకు?

కేసెట్ వైద్యుడు:
టూ-ఇన్-వన్ హెడ్డు ఏ వంకరలో ఉంటే టేపు ఆ వంకరలోనే రికార్డయింది, చదవడం కూడా ఆ వంకరలోనే. మోనో ట్రాకు ఒకటిన్నర మిల్లీమీటరు వెడల్పు. ట్రాకు వెడల్పయ్యేకొద్దీ కాస్త వంకరకే పై ధ్వనులు పడిపోతాయి. ముందు పోయేవి శ, ష, స. ఉషశ్రీ గారి శ్లోకంలో ఆ మూడూ ఒకటైపోతే ఇంక వినిపించడం దేనికి? ఈ పని తెలిసినవాళ్లు రెండు జిల్లాల్లో నలుగురుంటే నేనొకణ్ణి.

మీడియం వేవ్ 837:
మిగతా ముగ్గురూ ఎవరో చెబితే వాళ్లనే అడుగుతారు. నాయిస్ రిడక్షన్ కొడితే బుస పోతుంది, తేలిక.

కేసెట్ వైద్యుడు:
బుసతో పాటు శ కూడా పోతుంది, రెండూ అక్కడే ఉంటాయి. 5 కిలోహెర్ట్జ్ పైన కోసేయండి, అక్కడ ప్రసంగం లేదు. కింద చెయ్యి పెట్టొద్దు. 24 బిట్ వేవ్ ఫైలుగా దాచి, కాపీ మీద ఎన్ని ప్రయోగాలైనా చేసుకోండి.

కొబ్బరాకు:
బెల్టు సాగిన సెట్టులో పట్టిన టేపు ఇప్పుడు గబగబా, సన్నగా పలుకుతుంది. టేపులో మాట వెనక వినిపించే కరెంటు హమ్ కొలిచి 50 హెర్ట్జ్‌కి దించితే వేగం సరి.

మీడియం వేవ్ 837:
ఆ రోజుల్లో కరెంటు గ్రిడ్ 50 మీద నిలిచిందెప్పుడండీ? లోడు పెరిగితే 48కి జారేది. ప్రసారం మొదట్లో వచ్చే సిగ్నేచర్ ట్యూన్ కూడా పట్టిన టేపైతే, దాన్ని మంచి కాపీతో పోల్చి వేగం కట్టుకోండి.

కేసెట్ వైద్యుడు:
ఇది మాత్రం ఒప్పుకుంటా.

కాకరపర్రు రేవు:
ఇంతకీ కేసెట్లు ఎవరి దగ్గరున్నాయి?

నిడదవోలు జంక్షన్:
గోస్తనీ గారూ, పుట్టిననాటి జిల్లాయే లెక్కయితే 1920లో మా నిడదవోల్లో పుట్టిన రేడియో స్వరకర్త బాలాంత్రపు రజనీకాంతరావు గారిది కృష్ణా జిల్లా. 1925 దాకా ఈ గట్టంతా అందులోదే. రాయించండి మరి.

గోస్తనీ గట్టు:
ఆయ్, ఉషశ్రీ గారు పుట్టింది 1928లో. అప్పటికి పశ్చిమ గోదావరి ఏర్పడి మూడేళ్లు.